ముందు మనుషులు రానీయండి, గొట్టాలు వాటంతట అవే వస్తాయి

కొత్తగా కట్టే కాలనీల మీద ఈమధ్య ఒక అన్యాయమైన ఆరోపణ వినిపిస్తోంది. ఇళ్లయితే కడుతున్నారు గానీ, వాటికి కావాల్సిన నీళ్లు, డ్రైనేజీ, రోడ్డు, బడి, ఆసుపత్రి ముందుగా ఏర్పాటు చేయడం లేదట. ఈ మాట అనేవాళ్లు ఒక విషయం మరిచిపోతున్నారు. మొదటి ఇటుక పడకముందే పూర్తిగా సిద్ధమయ్యే సదుపాయం ప్రతి కాలనీకీ ఒకటుంది. అదే ప్రజాభిప్రాయ సేకరణ. దానికి టెంటు ఉంటుంది, కుర్చీలుంటాయి, మైకుంటుంది, మైకు మొరాయిస్తే తట్టి చూసే మనిషి కూడా ఉంటాడు. ఇంత ముందుచూపుతో వచ్చే సదుపాయం ఇంకొకటి ఉంటే చూపించండి.

అసలు ఇందులో ఒక సిద్ధాంతం ఉంది. ముందు ఇళ్లు, తర్వాత మనుషులు, ఆ తర్వాత మనుషుల అవస్థ, ఆఖరున ఆ అవస్థకు తగిన సదుపాయం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అని పెద్దలు దీన్ని ఎగతాళి చేశారు గానీ, వాళ్లకు పరిపాలన తెలియదు. కాలకముందే పట్టుకుంటే ఎన్ని ఆకులు కావాలో లెక్క ఎలా తేలుతుంది? ఏ చెయ్యి, ఎంత మేర కాలిందో నివేదిక రావాలి. నివేదిక వచ్చాకే కదా ఆకులకు టెండరు పిలిచేది!

ఇక సమావేశంలోకి వెళ్దాం. గోడకు పెద్ద మ్యాపు తగిలించి ఉంటుంది. పచ్చరంగు వేసిన చోటల్లా పార్కు, నీలం వేసిన చోట చెరువు. ఒక పెద్దాయన లేచి, చెరువు నిజానికి ఇటువైపు ఉందనీ, మీ నాలుగో టవరు సరిగ్గా దాని మీదే వస్తోందనీ అంటాడు. నీలం రంగు అటువైపు వేశాం కదండీ అని జవాబొస్తుంది. పెద్దాయన కూర్చుంటాడు. ఆయన అభిప్రాయం నమోదవుతుంది. నమోదు చేసుకోవడం మా ధర్మం, పట్టించుకోవడం వేరే శాఖ పరిధిలోది అని ఎవరూ పైకి అనరు. అంత మర్యాద పాటిస్తారు.

1969లో షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే అమెరికన్ ఆవిడ ప్రజల భాగస్వామ్యానికి ఎనిమిది మెట్ల నిచ్చెన ఒకటి గీసి చూపించింది. అట్టడుగు మెట్టు జనాన్ని బుట్టలో వేసుకోవడం. అన్నిటికంటే పై మెట్టు నిర్ణయాన్ని జనం చేతికే అప్పగించడం. అభిప్రాయాలు అడిగి తెలుసుకోవడం నాలుగో మెట్టు మాత్రమే. మూడు, నాలుగు, ఐదు మెట్లు మూడూ కలిపి ఒట్టి మొక్కుబడి అని ఆవిడ తేల్చేసింది. చాలా కటువైన మాట. జనానికి ఎనిమిది మెట్లెక్కే శ్రమ లేకుండా నాలుగో మెట్టు మీదే కుర్చీలు వేయించి, మంచినీళ్ల సీసా కూడా అందించేవాళ్ల శ్రద్ధ ఆవిడ కంటికి ఆనలేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్ల గురించి కూడా ఆలోచించాలి కదా.

మంచినీళ్లంటే గుర్తొచ్చింది. కొత్తగా వెయ్యి ఇళ్లు వస్తున్నాయనుకుందాం, ఇంటికి నలుగురు. భూగర్భ డ్రైనేజీ ఉన్న పట్టణాల్లో తలకు రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది భారతదేశంలో ప్రభుత్వ ప్రమాణం. ఆ లెక్కన రోజుకు 5 లక్షల 40 వేల లీటర్లు కావాలి. అందులో ఇంచుమించు 80 శాతం మురుగై తిరిగొస్తుందని ఇంజినీర్లు లెక్క కడతారు, అంటే 4 లక్షల 32 వేల లీటర్లు. అదైనా రోజంతా తీరిగ్గా రాదు. పొద్దున పూట అందరూ ఒకేసారి స్నానానికి వెళ్తారు కాబట్టి సగటుకు రెండు మూడు రెట్లు వేగంతో వస్తుంది. ఈ లెక్కకు పెద్ద చదువులు అక్కర్లేదు, గుణకారం వస్తే చాలు. అందుకే కాబోలు, ప్రాజెక్టు కాగితాల్లో దీన్ని వేయరు. ‘నీటి సరఫరాకు, మురుగు పారుదలకు తగిన ఏర్పాట్లు చేయబడును’ అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తారు. ఎవరు చేస్తారో, ఎప్పుడు చేస్తారో, ఎంత చేస్తే తగినంత అవుతుందో అందులో ఉండదు. నాలుగు లక్షల లీటర్ల మురుగును ఒకే ఒక్క వాక్యంలో పట్టించగల భాష మనది.

ప్రాజెక్టు ప్రభావ నివేదికలు మరీ ముచ్చటగా ఉంటాయి. ఏది తీసి చూసినా, ఇప్పుడున్న రోడ్ల మీదా, గొట్టాల మీదా ఈ ప్రాజెక్టు ప్రభావం స్వల్పమనే ఉంటుంది. అబద్ధం కాదు. విడిగా చూస్తే నిజంగానే స్వల్పం. పక్కన వచ్చే రెండోదీ స్వల్పమే, దాని వెనకాల మూడోదీ స్వల్పమే. ఇలాంటి స్వల్పాలు ఇరవై కలిస్తే ఏమవుతుందని మాత్రం అడగకూడదు, ఎందుకంటే ఇరవైంటికీ కలిపి నివేదిక రాయమని ఎవరికీ పని అప్పగించలేదు. కాబట్టి పొద్దున్నే జంక్షన్‌లో కదలకుండా ఇరుక్కుపోయినప్పుడు టెన్షన్ పడకండి. మీ ముందున్న బండ్లన్నీ ఏదో ఒక నివేదికలో స్వల్పంగా నమోదైనవే.

గొట్టాల సంగతి ఇంకొంచెం చెప్పుకోవాలి. అదే వాలులో వేసినప్పుడు, వ్యాసం రెట్టింపయిన గొట్టం ఇంచుమించు ఆరు రెట్ల నీటిని మోస్తుంది. గొయ్యి తవ్వే ఖర్చు మాత్రం ఆరింతలవదు. ఇంత చవగ్గా దొరికే ముందుచూపును మన వ్యవస్థ నిగ్రహంగా వదులుకుంటోంది. ఒకసారి పెద్ద గొట్టం వేసేస్తే ఆ వీధిని మళ్లీ తవ్వే భాగ్యం ఎవరికీ దక్కదు మరి. ఇప్పుడైతే నీళ్లవాళ్లు తవ్వి పూడ్చాక రోడ్డేస్తారు, రోడ్డు ఆరాక కేబుల్‌వాళ్లు వస్తారు, కేబుల్ పడ్డాక డ్రైనేజీవాళ్లకు గుర్తొస్తుంది. ఒకే వీధి ఇన్ని శాఖలకు ఉపాధి కల్పిస్తోంది.

ముందుచూపుకు కూడా ఒక్కోసారి బలమైన కారణం దొరుకుతుంది. 1858 వేసవిలో లండన్‌లో థేమ్స్ నది మురుగుతో కంపు కొట్టింది. ఊరు ఎప్పటినుంచో పెరుగుతూనే ఉంది, మురుగు నదిలోకి పోతూనే ఉంది, కలరా వచ్చి వేల ప్రాణాలు తీస్తూనే ఉంది. అయినా పని ముందుకు సాగలేదు. ఆ ఏడు మాత్రం కంపు నది ఒడ్డునే ఉన్న పార్లమెంటులోకి వెళ్లింది. కర్టెన్లను బ్లీచింగ్ ద్రావణంలో ముంచి కట్టుకున్నా సభ్యులు కూర్చోలేకపోయారు. అంతే, కొద్ది వారాల్లోనే చట్టం వచ్చేసింది. జోసెఫ్ బజల్‌జెట్ అనే ఇంజినీరు కట్టిన ఇటుక సొరంగాలు ఇప్పటికీ వాడకంలో ఉన్నాయి. 1866లో మళ్లీ కలరా వచ్చినప్పుడు అది ప్రధానంగా విరుచుకుపడింది నగరంలో ఆ పని ఇంకా పూర్తికాని తూర్పు భాగం మీదే. దీన్నిబట్టి నేను గ్రహించిందేమిటంటే, అభిప్రాయ సేకరణను టెంటులో పెట్టడం సాంకేతికంగా పొరపాటు. పొంగుతున్న మ్యాన్‌హోల్ పక్కన పెట్టాలి. ఫ్యాన్లు ఉండకూడదు. సంతకాలు అయ్యేదాకా ఎవరూ లేవకూడదు.

ఇంతసేపూ అధికారుల గురించే మాట్లాడితే నివాసులకు అన్యాయం చేసినట్టవుతుంది. వాళ్ల అభిప్రాయాలు కూడా గొప్పవే. ఒకాయన లేచి మురుగు శుద్ధి కేంద్రం తక్షణం కావాలంటాడు, మా బ్లాకు దగ్గర వద్దంటాడు. ఒకావిడ బడి కావాలంటుంది, గంట చప్పుడు మా కిటికీకి వినబడకూడదంటుంది. బస్సు రావాలి, స్టాపు మా గేటుకు ఎదురుగా ఉండొద్దు. సబ్‌స్టేషన్ ఉండాలి, కంటికి కనిపించకూడదు. సెల్ టవర్ వద్దే వద్దు, సిగ్నల్ మాత్రం నాలుగు గీతలకు తగ్గకూడదు. చెప్పిన ప్రతివాళ్లూ మ్యాపు మీద వేలు పెట్టి స్థలం కూడా చూపించారు. అన్ని వేళ్లూ ఒకే మూలకు పోయాయి. ఆ మూల పక్క కాలనీవాళ్లది. వాళ్ల సమావేశంలో వేళ్లు ఏ మూలకు పోయుంటాయో నేను చెప్పనక్కర్లేదు.

ఇంకో చిత్రం చూడండి. కొత్త ఇళ్లను అందరికంటే గట్టిగా వ్యతిరేకించేది నిరుడు ఇంట్లో దిగినవాళ్లే. ఇక్కడి రోడ్డు ఇంకెంతమందిని మోస్తుందండీ, ఉన్న నీళ్లే చాలట్లేదు, ఊపిరాడట్లేదు అంటారు. వాళ్లు దిగేముందు ఆ రోడ్డూ ఆ నీళ్లూ ఎవరివో, ఎవరికి ఊపిరాడకుండా పోయిందో ఆలోచించే తీరిక వాళ్లకు లేదు, పాపం సామాను సర్దుకుంటున్నారు. నేనుండే బిల్డింగ్ లేచేటప్పుడు కూడా పక్కవాళ్లు అచ్చం ఇలాగే అడ్డుపడ్డారట. వాళ్లది స్వార్థం. మాది పర్యావరణం మీద బాధ్యత.

అయితే వాళ్ల లెక్క తప్పని మాత్రం అనలేం. నిరుడు చేరినవాళ్లకే గొట్టం చాలకపోతే, ఈ ఏడు వచ్చేవాళ్ల మీద కోపం గొట్టం మీద కోపమే. మనిషి కనబడతాడు, గొట్టం కనబడదు. కాబట్టి మనిషి మీద పడతాం. పాతవాళ్లూ కొత్తవాళ్లూ ఇలా ఒకరినొకరు తిట్టుకుంటున్నంత కాలం, కట్టినవాళ్లూ అనుమతిచ్చినవాళ్లూ హాయిగా ఉంటారు. దీన్ని కూడా ఒక సదుపాయం కిందే లెక్కేయాలి.

రోడ్డు విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట, వెడల్పు చేయండి. అమెరికాలోని హ్యూస్టన్‌లో కేటీ ఫ్రీవేను 2008 నాటికి అలాగే చేశారు. సర్వీసు రోడ్లతో కలిపి కొన్నిచోట్ల 26 వరసలు. కొన్నేళ్లకే రద్దీ వేళల్లో ప్రయాణానికి పట్టే సమయం మళ్లీ పెరిగింది. రోడ్డు ఖాళీగా కనిపిస్తే బండి తీయనివాడు కూడా తీస్తాడు, దాన్ని చూసి ఇంకాస్త దూరంలో ఇంకో వెయ్యి ఇళ్లు లేస్తాయి. మన కాలనీకి 27వ వరస వేయిస్తే ఫలితం వేరుగా ఉంటుందని కొందరు ఆశాజీవులు నమ్ముతున్నారు.

బడి గురించి క్లారెన్స్ పెర్రీ అనే ఆయన 1929లోనే ఒక ఛాందసం ప్రచారం చేశాడు. బడిని నడిమధ్యలో పెట్టి చుట్టూ ఇళ్లు కట్టాలట. పెద్ద రోడ్లు కాలనీ అంచుల్లోనే ఉండాలట, పిల్లలు వాటిని దాటే పని లేకుండా నడిచి వెళ్లాలట. మన ప్లాన్లలో బడి మూడో దశలో వస్తుంది. మొదటి దశలో దిగిన పాప మూడో దశ నాటికి ఆ బడికి టీచరుగా వెళ్లొచ్చు. నడిచే వెళ్లొచ్చు.

వీటన్నిటికీ డబ్బెవరు పెట్టాలన్న ప్రశ్న కూడా వస్తుంటుంది. ఇంగ్లండ్‌లో 1990 నాటి ప్రణాళికా చట్టం 106వ సెక్షన్ కింద బిల్డరూ స్థానిక సంస్థా ఒప్పందం రాసుకుంటారు. ఇన్ని ఇళ్లలో జనం దిగేసరికి ఫలానా పని పూర్తి కావాలని అందులో పెట్టుకోవచ్చు. చక్కటి ఏర్పాటు. 200వ ఇంటికి బడి తెరవాలని రాసుంటే, 199 దగ్గర ఆగి దీర్ఘంగా శ్వాస తీసుకోవచ్చు. ఒప్పందం చెక్కు చెదరదు. ఇంకొన్నిచోట్ల బిల్డరు రుసుము కట్టేస్తాడు, అది పెద్ద ఖాతాలో పడుతుంది, ఆ ఖాతాలోంచి ఇంకెక్కడో ఫౌంటెన్ లేస్తుంది. ఫౌంటెన్‌కు నీళ్లెక్కడివని అడిగేవాళ్లకు సౌందర్య దృష్టి లేదన్నమాట.

సరైన వరస తప్పితే ఏమవుతుందో స్టాక్‌హోమ్ శివార్లలోని వెల్లింగ్బీని చూసి నేర్చుకోవాలి. అక్కడ మెట్రో రైలు 1952లోనే వచ్చేసింది. దుకాణాలూ ఆఫీసులూ ఉన్న టౌన్ సెంటర్ 1954లో తెరుచుకుంది. ఉద్యోగం, ఇల్లు, సెంటర్ మూడూ ఒకేచోట ఉండాలని ముందే గీసుకుని మరీ కట్టారు. స్టేషన్ చుట్టూ నడిచేంత దూరంలో ఎత్తైన ఇళ్లు, కాస్త దూరంగా చిన్న ఇళ్లు. ఆ జనం ఏం కోల్పోయారో చూడండి. రైలు కోసం ధర్నా చేసే అవకాశం లేకపోయింది. స్టేషన్ ఎప్పుడొస్తుందని ప్రతి ఎన్నికకూ అడిగే హక్కు పోయింది. ఎన్నికల్లో నిలబడేవాళ్లు పాపం వాగ్దానాలకు ఇంకేదో వెతుక్కోవాల్సి వచ్చుంటుంది. మన దగ్గర బ్రోచర్‌లో స్టేషన్ ‘త్వరలో’ అని ఉంటుంది, ఆ ఒక్క మాట మీద పదేళ్ల స్నేహాలు, సంఘాలు, వాట్సాప్ గ్రూపులు బతుకుతాయి.

ఇదంతా చదివి ఎవరైనా, ముందు గొట్టం చూపించి తర్వాత అనుమతి ఇవ్వండి అని అడగాలనుకోవచ్చు. మ్యాపు మీద వేలు పెట్టేవాళ్లను ముందు మీ ఇంటి నంబరు చెప్పండి అని అడగాలనుకోవచ్చు. ఇరవై స్వల్పాలను ఒక కాగితం మీద కూడించమనవచ్చు. అడగొచ్చు, నమోదు చేసుకుంటారు.

పోయినసారి సమావేశం నివేదిక ఈమధ్యే వచ్చింది. ‘హాజరైనవారందరూ ప్రాజెక్టును స్వాగతించారు’ అని ఉంది. రుజువుగా అందరి సంతకాలు జతచేశారు. లోపలికి వచ్చేటప్పుడు హాజరు పట్టీలో పెట్టినవే అవి, గుర్తుపట్టాను. దీని మీద అభ్యంతరాలుంటే తర్వాతి సమావేశంలో చెప్పుకోవచ్చట. అది కమ్యూనిటీ హాల్లో జరుగుతుంది. హాలు మూడో దశలో కడతారు.