ఇంటర్వెల్ ముగియని ఆట

(విజయవాడ సత్యనారాయణపురంలో ఒక మేడమీది ఇల్లు. మధ్యాహ్నం మూడుంబావు. కోటేశ్వరరావు గారు గాంధీనగర్‌లోని ఒక సినిమా పంపిణీ కార్యాలయానికి ముప్పై నాలుగేళ్లు రిప్రజెంటేటివ్‌గా పనిచేసి ఇంటిపట్టున ఉంటున్నారు. సినిమా రీళ్ల పెట్టె వెంట ఊరూరా థియేటర్లకు వెళ్లి, తెగిన టికెట్లు లెక్కపెట్టి, యజమాని చెప్పిన అంకెను నమ్మకపోవడం ఆయన ఉద్యోగం. ఉద్యోగం అయిపోయింది గానీ నమ్మకపోవడం అయిపోలేదు. ఆయన భార్య కామేశ్వరి గారు ఫోనులో రంగురంగుల మిఠాయిలు జరుపుతున్నారు.)

రావు: కాఫీ.

కామేశ్వరి: ఇంకా ఆరు ఎత్తులే ఉన్నాయండీ. ఈ మెట్టు దాటేస్తే లేస్తాను.

రావు: కాఫీ పడకపోతే నేనే దాటిపోయేట్టున్నాను.

కామేశ్వరి: తథాస్తు దేవతలుంటారు, ఆగండి. అయినా పొద్దున చొక్కా కొన్న సంబరంలో మూడు కాఫీలు తాగారు కదా.

రావు: ఆ చొక్కా ఊసెత్తకు. మనవడు నోరు తెరిచి చొక్కా అడిగాడని బీసెంట్ రోడ్డంతా తిరిగి నీలం గళ్లది తెచ్చాను. వాడు దాన్ని చూసి, "తాతయ్యా, చొక్కా నాకు కాదు, ఆటలో మావాడికి" అన్నాడు. మావాడెవరయ్యా అంటే ఫోనులో తుపాకి పట్టుకుని గెంతుతున్న ఒక బొమ్మను చూపించాడు!

కామేశ్వరి: వాడు అడిగింది వేషం. డబ్బు కడితే ఆటలో బొమ్మకు తొడుగుతారు.

రావు: తొడిగితే తూటా తగలదా?

కామేశ్వరి: ఎందుకు తగలదు? వేషంతో సహా పడిపోతాడు.

రావు: ఎగిరే శక్తి గానీ, ఇంకేదైనా...

కామేశ్వరి: ఏమీ రాదు. ఊరికే బాగుంటుంది.

రావు: బాగుండటానికి డబ్బా?

కామేశ్వరి: మన పెళ్లిలో మీరు పట్టుపంచె కట్టారు. దానివల్ల మీకేమైనా శక్తి వచ్చిందా? ఊడిపోకుండా పట్టుకోవడానికే ఉన్న శక్తంతా సరిపోయింది.

రావు: అది సంప్రదాయం. ఇది దోపిడీ.

కామేశ్వరి: దోపిడీ అయితే దోచుకునేవాడు తలుపు బద్దలు కొట్టాలి. ఫోర్ట్‌నైట్ అని ఒక ఆట ఉంది. తలుపులు బార్లా తెరిచి పెట్టారు, లోపలికి రావడానికి పైసా అక్కర్లేదు. అమ్మేదంతా ఇలాంటి వేషాలూ గంతులే. 2018, 2019 రెండేళ్లలో 900 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది.

రావు: ఎవరు చెప్పారు? పోస్టర్ మీద వేశారా? పోస్టర్ మీద వేసే అంకె వేరు, చేతికొచ్చే అంకె వేరు. మొదటి వారం కలెక్షన్లు చూసి జనం ముక్కున వేలేసుకునేవారు, మేము కార్యాలయంలో నోట్లో గుడ్డ కుక్కుకునేవాళ్లం.

కామేశ్వరి: పోస్టర్ కాదు. ఆ ఆట తీసిన ఎపిక్ కంపెనీ ఆపిల్ మీద దావా వేసింది. ఆ కోర్టు కాగితాల్లో బయటపడింది.

రావు: (కాస్త తగ్గి) కోర్టు కాగితాలా? అయితే సరే. దావా ఎందుకు?

కామేశ్వరి: కమిషన్ దగ్గర. ఆపిల్ అప్పట్లో తన దుకాణంలో జరిగే అమ్మకం మీద నూటికి ముప్పై పట్టుకునేది.

రావు: ముప్పయ్యా! మేము పెట్టె మోసి, బస్సుల్లో నిలబడి వెళ్లి, నల్లులున్న లాడ్జీల్లో పడుకుని తీసుకున్న కమిషన్‌కు నిర్మాతలు మమ్మల్ని రాబందులన్నారు. కూర్చున్న చోట కూర్చుని ముప్పయ్యా!

కామేశ్వరి: ఆ ఎపిక్ కూడా తక్కువదేమీ కాదు లెండి. పిల్లల వివరాలు పెద్దల అనుమతి లేకుండా సేకరించారనీ, ఆడేవాళ్ల చేత తెలియకుండా మీటలు నొక్కించి డబ్బు లాగారనీ అమెరికా ప్రభుత్వ సంస్థ పట్టుకుంటే, 2022లో 52 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అందులో 24 కోట్ల 50 లక్షలు ఆడినవాళ్లకు తిరిగి ఇవ్వడానికే.

రావు: ఇవన్నీ నీకెలా తెలుసు?

కామేశ్వరి: మొన్న వాడికి తలంటుతూ అడిగాను. కళ్లలో కుంకుడుకాయ రసం పడుతుంటే మనవలు నిజమే చెబుతారు. మిగతాది నేనే వెతికి చదువుకున్నాను.

రావు: సరే, అన్నింటికంటే పెద్ద హిట్టు ఏది? నైజాం, సీడెడ్, ఓవర్సీస్ అన్నీ కలిపి చెప్పు.

కామేశ్వరి: అలాంటివి రెండు మూడున్నాయి. జీటీఏ అని దొంగలూ కార్లూ ఉండే ఆట ఒకటి. అయిదోది 2013 సెప్టెంబరు 17న వచ్చింది. స్కాట్లాండులో ఎడింబరోలో తీశారు.

రావు: నిర్మాణ వ్యయం?

కామేశ్వరి: ప్రచారంతో కలిపి 26 కోట్ల డాలర్లకు పైగా అని పత్రికలు అంచనా వేశాయి. కంపెనీ నోరు విప్పలేదు.

రావు: ఏ నిర్మాత విప్పాడు గనక. తొలిరోజు?

కామేశ్వరి: 80 కోట్ల డాలర్లు.

రావు: (లేచి నిలబడి) వారమా, రోజా?

కామేశ్వరి: రోజు. ఇరవై నాలుగు గంటలు. మూడు రోజుల్లో 100 కోట్లు దాటింది. అప్పటి రేటున మన డబ్బులో ఆరు వేల కోట్ల రూపాయల పైమాట. గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది.

రావు: బాహుబలి రెండో భాగం వెయ్యి కోట్లు దాటడానికి పది రోజులు పట్టింది! దేశమంతా వరుసలో నిలబడితే పట్టింది! మూడు రోజుల్లో ఆరు వేలు ఎలా వస్తాయి కామేశ్వరీ? ఎన్ని థియేటర్లు? ఎన్ని ఆటలు? తెల్లవారుజామున ప్రత్యేక ప్రదర్శనలు వేశారా?

కామేశ్వరి: థియేటర్ ఎందుకు? అప్పట్లో ఒక్కోటి 60 డాలర్లు. ఇంట్లో కూర్చుని ఆడుకుంటారు.

రావు: ఒక టికెట్టు 60 డాలర్లు! మేము నేల టికెట్టు మీద అర్ధరూపాయి పెంచాలంటే కలెక్టరేట్ చుట్టూ తిరిగేవాళ్లం. (కూర్చుని) పోనీ, మొదటి వారం అలా ఊడ్చేస్తారు. రెండో వారం పడిపోయి ఉంటుంది. యాభై రోజులు ఆడి ఉండదు.

కామేశ్వరి: పన్నెండేళ్లు దాటింది. ఇంకా ఆడుతోంది. 20 కోట్లకు పైగా అమ్ముడుపోయాయి.

రావు: ఒకే ప్రింటు?

కామేశ్వరి: ఆటలాడే కొత్త యంత్రం వచ్చినప్పుడల్లా మెరుగులు దిద్ది మళ్లీ వదిలారు. 2014లో ఒకసారి, 2015లో కంప్యూటర్లకు, 2022లో ఇంకోసారి.

రావు: అదీ సంగతి! హీరో పుట్టినరోజుకు మనవాళ్లు పాత సినిమాను 4కే చేసి వదిలినట్టు. అభిమానులు కాగితాలు చింపి చల్లడం, మర్నాడు మనం ఊడవడం.

కామేశ్వరి: అసలు డబ్బు అక్కడ కూడా కాదట. ఆట వచ్చిన రెండు వారాలకు అందులోనే నలుగురూ కలిసి ఆడుకునే ఊరు ఒకటి తెరిచారు. లోపలికి వెళ్లాక కారు కావాలి, మేడ కావాలి, పడవ కావాలి. వాటికి ఆట డబ్బు కావాలి. ఆట డబ్బు సంపాదించడానికి రాత్రింబవళ్లు కష్టపడాలి. అంత ఓపిక లేనివాళ్లు అసలు డబ్బు పెట్టి ఆట డబ్బు కొనుక్కోవచ్చు.

రావు: ఉన్న డబ్బు పెట్టి లేని డబ్బు కొంటారా?

కామేశ్వరి: కొంటారు. షార్క్ కార్డులంటారు వాటిని.

రావు: (చాలాసేపు ఆలోచించి, మోకాలు చరిచి) క్యాంటీన్!

కామేశ్వరి: కాఫీ పెడతానన్నాను కదండీ.

రావు: అది కాదు. ఇది క్యాంటీన్ వ్యాపారం! సినిమా మీద థియేటర్‌కు మిగిలేది ఏముంది? షేర్ అని మా వాటా మేము పట్టుకుపోయేవాళ్లం, పన్ను ప్రభుత్వం పట్టుకుపోయేది. యజమానిని బతికించింది సమోసా, సోడా, సైకిల్ స్టాండు. అందుకే ఇంటర్వెల్‌ను సాగదీసేవాడు. అయినా పావుగంట దాటితే జనం ఈలలు వేసి కుర్చీలు విరగ్గొట్టేవారు. వీళ్లు ఇంటర్వెల్‌ను పన్నెండేళ్లు సాగదీశారు! ఎవరూ కుర్చీ విరగ్గొట్టలేదు! ఆ ఎడింబరోవాళ్లెవరో గానీ దండం పెట్టాలి.

కామేశ్వరి: ఇందాక దోపిడీ అన్నారు.

రావు: దోపిడీయే. పనితనం ఉన్న దోపిడీ. అది సరే, ఫ్లాపులు ఉండవా ఈ ఆటల్లో? ఫ్లాపులు లేని వ్యాపారాన్ని నేను నమ్మను.

కామేశ్వరి: లేకేం. 1982లో అటారీ అనే కంపెనీ ఒక పెద్ద హాలీవుడ్ సినిమా పేరు కొనుక్కుని అయిదారు వారాల్లో ఆట చుట్టేసింది. అనుకున్నంత అమ్ముడుపోలేదు. మిగిలిపోయిన పెట్టెలను మర్నాటి ఏడాది న్యూ మెక్సికో ఎడారిలో గొయ్యి తీసి పూడ్చారు. 2014లో తవ్వి చూస్తే నిజంగానే దొరికాయి.

రావు: (ఎన్నాళ్లకో ముఖం వికసించి) పూడ్చారా! మేము ఆడని సినిమా రీళ్లు తూకానికి అమ్మేవాళ్లం గానీ కర్మకాండ దాకా వెళ్లలేదు.

కామేశ్వరి: ఈ మధ్యనే ఇంకొకటి. కాంకర్డ్ అని సోనీ వాళ్లది. 2024 ఆగస్టు 23న విడుదల, సెప్టెంబరు 6న దుకాణం మూత. కొన్నవాళ్లందరికీ డబ్బు వెనక్కి ఇచ్చేశారు.

రావు: వెనక్కి ఇచ్చారా? ఎవరు ధర్నా చేశారు?

కామేశ్వరి: ఎవరూ చేయలేదు.

రావు: ఫిలిం ఛాంబర్ ముందు టెంటు వేయకుండా, హీరో ఇంటి గేటు పట్టుకోకుండా డబ్బు వెనక్కి వచ్చిందా? ఈ కథలో ఇదొక్కటే నేను నమ్మను. (ఆమె ఫోను వైపు చూసి) ఇంతకీ నీ మిఠాయి కొట్టు సంగతేమిటి? అది హిట్టా, ఫట్టా?

కామేశ్వరి: క్యాండీ క్రష్. 2012లో వచ్చింది. 2023 నాటికి దీని రాబడి 2000 కోట్ల డాలర్లు దాటింది.

రావు: గ్రాస్ చెప్పకు. ఖర్చులు పోను చేతికొచ్చే షేర్ చెప్పు.

కామేశ్వరి: దీన్ని చేసిన కింగ్ కంపెనీ షేర్లు అమ్ముకోవడానికి అమెరికాలో కాగితాలు దాఖలు చేసింది. 2013లో రాబడి 188 కోట్ల డాలర్లు, అన్నీ పోను నికర లాభం దాదాపు 57 కోట్లు.

రావు: రూపాయికి ముప్పై పైసలు మిగిలిందా! పేకముక్కల్లా మిఠాయిలు జరిపితే! మరి షేరు ఎగిరిందా?

కామేశ్వరి: తొలిరోజే నూటికి పదిహేను పైన పడిపోయింది. ఒక్క ఆట మీద బతికే కంపెనీ ఎన్నాళ్లు నిలుస్తుందని భయపడ్డారు.

రావు: చూశావా! నేను చెప్పానా!

కామేశ్వరి: మీరేమీ చెప్పలేదు. రెండేళ్లు తిరగకుండా ఇంకో కంపెనీ 590 కోట్ల డాలర్లకు కొంటానని వచ్చి కొనేసుకుంది.

రావు: (కుర్చీలో జారబడి) నువ్వెంత కట్టావు వాళ్లకు ఇన్నాళ్లూ?

కామేశ్వరి: నేనా? పైసా కట్టలేదు. తొమ్మిదేళ్లుగా ఆడుతున్నాను, 6,212వ మెట్టు మీద ఉన్నాను.

రావు: అంటే నువ్వు ఫ్రీ పాసా?

కామేశ్వరి: నూటికి తొంభై ఆరుగురు నాలాంటివాళ్లేనండీ. డబ్బు కట్టేది నూటికి నలుగురేనని అప్పట్లో ఆ కంపెనీయే కాగితం మీద రాసింది.

రావు: ఆగు. నూరు కుర్చీల హాలు. నలుగురు టికెట్టు కొన్నారు. తొంభై ఆరుగురు గోడ దూకి వచ్చారు. హాలు మూతపడలేదు సరికదా, 57 కోట్ల డాలర్ల లాభం. మన పరిశ్రమలో "ఆ నలుగురు" అంటే థియేటర్లు గుప్పిట్లో పెట్టుకున్నవాళ్లు. అక్కడ ఆ నలుగురు తమ జేబులే ఖాళీ చేసుకుని అందర్నీ మోస్తున్నారు. ఎవరు వాళ్లు? చిరునామా ఉందా? చెయ్యి తిరిగిన ప్రేక్షకులు!

కామేశ్వరి: మెట్టు దగ్గర చిక్కుకుపోయినవాళ్లు. ఇంకొక్క ఎత్తుంటే గెలుస్తానన్న చోట ఆట ఆగిపోతుంది. అప్పుడు అడుగుతాడు డబ్బు.

రావు: నేనయితే ఇవ్వను. ఇటివ్వు, తనిఖీ చేస్తాను.

(ఫోను లాక్కుంటారు. కామేశ్వరి గారు నిట్టూర్చి వంటింట్లోకి వెళ్లి కాఫీ కలుపుతారు. లోపలికి వినిపించే మాటలు: "ఎర్రదాన్ని ఇటు... అదెవరు పేల్చారు... అరె, ఒక్కటంటే ఒక్కటి..." ఆమె గ్లాసుతో తిరిగి వస్తారు.)

కామేశ్వరి: అయ్యో! నా అయిదు ప్రాణాలూ తీశారా! పొద్దుటినుంచి దాచుకున్నాను!

రావు: ఒక్క ఎత్తులో పోయిందే. నాకు ఇంకొక్క ఎత్తు ఉంటే... ఇదేమిటి, ఏదో అడుగుతున్నాడు?

కామేశ్వరి: ప్రాణాలు అయిపోయాయి. డబ్బు కట్టమంటున్నాడు. లేదా అరగంట ఆగితే ఒక ప్రాణం ఊరికే ఇస్తాడు.

రావు: (చెమట తుడుచుకుంటూ) కడితే ఆ నలుగురిలో ఒకణ్ని అవుతాను. కట్టకుండా ఆడితే పాసు బాపతు అవుతాను. ముప్పై నాలుగేళ్లలో ఎమ్మెల్యే బావమరిదిని కూడా పాసు మీద లోపలికి పంపలేదు నేను.

కామేశ్వరి: మూడో దారి ఉంది. తెలిసినవాళ్లను ప్రాణం అడగవచ్చు. నా జాబితాలో మీ గుడివాడ థియేటర్ మేనేజరు గారు కూడా ఉన్నారు. అడిగితే పాపం వెంటనే పంపుతారు.

రావు: వాడా! శతదినోత్సవం రోజు నలభై మూడు నేల టికెట్లు లెక్కలో చూపకుండా దాచినవాడు! వాణ్ని నేను ప్రాణం అడగాలా!

కామేశ్వరి: అయితే కాఫీ తాగండి.

రావు: (గోడ గడియారం చూస్తూ) ఇప్పుడు మూడు యాభై రెండు. నాలుగు ఇరవై రెండు దాకా ఆగుతాను. ఇది పాసు కాదు, గుర్తుంచుకో. కుర్చీ దొరికేదాకా నిలబడటం.

కామేశ్వరి: కాఫీ చల్లారుతోంది.

రావు: ఉండు. ఆ గుడివాడవాడు ఏ మెట్టు మీద ఉన్నాడు?

కామేశ్వరి: ఎనిమిది వేల పైచిలుకు.

రావు: నేను నమ్మను. లెక్క చూపించమను.