పిల్లిని డెట్టాల్ నీళ్ళలో ముంచకండి

హనుమకొండ, కాజీపేట కాలనీల వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్ళుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. కరీంనగర్‌లో ఉన్న మా చుట్టాలకూ అదే వచ్చింది. ఇంట్లో పిల్లి ఉంటే వారానికోసారి తప్పకుండా స్నానం చేయించాలట, లేకపోతే పిల్లలకు దమ్ము (ఆస్తమా) వస్తుందట, గర్భిణులకు ప్రమాదమట. బకెట్ నీళ్ళలో రెండు మూతల డెట్టాల్ కలిపి, పిల్లిని మెడ తోలు పట్టి లేపి గొంతు దాకా ముంచాలట. గోమార్లు (వెంట్రుకల్లో గెంతే పురుగులు) ఉంటే వేపనూనెలో కర్పూరం కలిపి పట్టించాలి, లేదా కుక్కల షాంపూ వాడాలి. మరీ గింజుకునే పిల్లికి ముందే జ్వరం గోలీ సగం వేస్తే మత్తుగా పడి ఉంటుంది. స్నానం అయ్యాక ఎండలో కట్టేయాలి. ఇదీ అందులో ఉన్నది.

షేర్ చేసినవాళ్ళు మంచికే చేసి ఉంటారు. కానీ వీటిలో డెట్టాల్, వేపనూనె-కర్పూరం, కుక్కల షాంపూ, జ్వరం గోలీ, ఈ నాలుగూ పిల్లి ప్రాణం మీదికి తెచ్చేవే. మా వీధిలోనే కొందరు ఆదివారం కోసం బకెట్లు సిద్ధం చేసుకుంటున్నారు. అందుకే ఒక్కొక్కటిగా జవాబు రాస్తున్నాను.

వారానికోసారి స్నానం అన్న మాట దగ్గరే తప్పు మొదలైంది. ఆరోగ్యంగా ఉన్న పొట్టి వెంట్రుకల పిల్లికి మామూలుగా స్నానమే అక్కర్లేదు. మేలుకుని ఉన్న సమయంలో దాదాపు పావు వంతు అది ఒళ్ళు నాక్కోవడానికే పెడుతుంది. దాని నాలుక గరుకుగా ఉండేది వెనక్కి వంగిన సన్నటి ముళ్ళ వల్ల. ఆ ముళ్ళ చివర బోలుగా ఉండి, లాలాజలాన్ని వెంట్రుకల అడుగుదాకా చేరుస్తాయని 2018లో అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు చూపించారు. మనం మాటిమాటికీ సబ్బు పెడితే చర్మం మీది సహజమైన నూనె పోతుంది, చర్మం పొడిబారి దురద మొదలవుతుంది. స్నానం నిజంగా అవసరమయ్యే సందర్భాలు కొన్నే: బండి కింద దూరి ఇంజిన్ ఆయిల్ పూసుకున్నప్పుడు, హోలీ రంగు పడ్డప్పుడు, విరేచనాలతో వెనక భాగం పాడైనప్పుడు, ముసలితనం వల్లో లావు వల్లో నాక్కోలేనప్పుడు, చర్మరోగానికి డాక్టర్ మందు షాంపూ రాసినప్పుడు. పర్షియన్ లాంటి పొడుగు వెంట్రుకల పిల్లులకు అప్పుడప్పుడు కావాలి, కానీ వాటికి స్నానం కంటే రోజూ దువ్వడం ముఖ్యం.

ఇక డెట్టాల్. "మనుషుల గాయాలు కడిగేదే కదా, పిల్లికేమైతది?" అని మా పక్కింటి అక్క అడిగింది. న్యాయమైన ప్రశ్నే. డెట్టాల్‌లో ఉండే క్లోరోజైలెనాల్ ఫినాల్ జాతి రసాయనం. అలాంటివాటిని మార్చి బయటికి పంపడానికి మన కాలేయంలో ఒక ఎంజైమ్ ఉంది. దాన్ని తయారుచేసే జన్యువు పిల్లి జాతి మొత్తంలోనే పనిచేయకుండా పోయింది. తరతరాలుగా మాంసం మీదే బతికిన జంతువుకు మొక్కల్లోని ఇలాంటి పదార్థాలతో పని పడకపోవడమే కారణమని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. కాబట్టి మన ఒంట్లోంచి తేలిగ్గా పోయేది పిల్లి ఒంట్లో పేరుకుంటుంది. పైగా మనం స్నానం చేశాక ఒళ్ళు నాక్కోం కదా! పిల్లి తడి ఆరేదాకా నాక్కుంటూనే ఉంటుంది. దాని ఒంటికి ఏది రాసినా, అది దాని నోట్లో పోసినట్టే లెక్క. ఫినాయిల్ నీళ్ళతో తుడిచిన నేల మీద నడిచి పాదాలు నాక్కున్నా ఇదే ముప్పు, అందుకే నేల పూర్తిగా ఆరాకే పిల్లిని లోపలికి రానివ్వాలి.

ఇప్పటికే ఎవరైనా డెట్టాల్ నీళ్ళు పోసి ఉంటే: చొంగ కారడం, నోట్లో పుండ్లు, తూలడం, వణకడం దాని గుర్తులు. అవి కనబడేదాకా ఆగకండి. వెంటనే గోరువెచ్చటి మంచినీళ్ళతో బాగా కడిగి, నాక్కోకుండా తువ్వాలలో చుట్టి, సీసా కూడా పట్టుకుని పశువుల డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఇంట్లో వాంతి చేయించే ప్రయత్నం వద్దు.

వేపనూనె మన చెట్టుదే, ప్రకృతి సిద్ధమైనదే. అయినా చిక్కటి వేపనూనె ఒంటినిండా పట్టించిన పిల్లుల్లో చొంగ, వణుకు, నీరసం వచ్చిన సంగతి పశువైద్యులు నమోదు చేశారు. కర్పూరం ఇంకా చెడ్డది, అది చర్మం గుండా కూడా ఒంట్లోకి పోయి ఫిట్స్ తెప్పించగలదు. యూకలిప్టస్ నూనె, టీ ట్రీ ఆయిల్ కూడా ఈ వరసలోవే.

కుక్కల షాంపూ సంగతి మన ప్రాంతంలో చాలామందికి తేలిగ్గా అర్థమవుతుంది. పత్తి చేనులో సైపర్‌మెత్రిన్ పురుగుమందు కొట్టినవాళ్ళు మనలో ఎందరో. కుక్కల గోమార్ల షాంపూల్లో, చుక్కల మందుల్లో తరచూ ఉండే పర్‌మెత్రిన్ దాని జాతిదే. పశువుల పిడుదులకు వాడే డెల్టామెత్రిన్ కూడా అంతే. కుక్క తట్టుకునే పర్‌మెత్రిన్ మోతాదు పిల్లికి ఫిట్స్ తెప్పించి చంపగలదు. కొనేముందు లేబుల్ మీద ఈ పేర్లు ఉన్నాయేమో చూడండి, షాపులో "రెంటికీ పనిచేస్తుంది" అన్నా సరే.

అసలు గోమార్లు స్నానంతో పోవు. పిల్లి ఒంటి మీద గెంతుతూ కనబడేవి కొన్నే. గుడ్లు, పురుగులు, గూళ్ళు చాలావరకు అది పడుకునే గోనె సంచిలో, దుప్పట్లో, సోఫా సందుల్లో ఉంటాయి. పిల్లి బరువును బట్టి డాక్టర్ ఇచ్చే చుక్కల మందు మెడ వెనక వేసి, దాని పరుపును వేడినీళ్ళలో ఉతికి, ఇల్లు మూలమూలా ఊడిస్తేనే తగ్గుతాయి. ఆ మందు వేసే ముందు రెండు రోజులు, వేశాక రెండు రోజులు స్నానం మానాలి.

జ్వరం గోలీ దగ్గరికి వచ్చేసరికి నాకు నిజంగా కోపం వచ్చింది. అందులో ఉండే పారాసిటమాల్ మత్తుమందు కాదు, పిల్లికి అది విషం. పైన చెప్పిన కాలేయం లోపమే ఇక్కడా. 650 మిల్లీగ్రాముల గోలీలో సగమంటే 325. నాలుగు కిలోల పిల్లికి కిలోకు 80 మిల్లీగ్రాములు పడుతుంది. కిలోకు 10 దగ్గరే విష లక్షణాలు కనబడిన కేసులున్నాయి. రక్తం ఆక్సిజన్ మోయలేక గోధుమ రంగుకు తిరుగుతుంది, చిగుళ్ళు నల్లబడతాయి, ముఖం, పాదాలు వాస్తాయి. "మత్తుగా పడి ఉంటుంది" అన్నది ఆ స్థితినే. దీనికి విరుగుడు ఉంది, ఎసిటైల్‌సిస్టీన్ అనే మందు, కానీ గంటల్లోనే అందాలి.

దమ్ము, గర్భం గురించిన భయాల్లో కొంత నిజం ఉంది, అందుకే ఆ మెసేజ్ నమ్మశక్యంగా అనిపిస్తుంది. పిల్లి అలర్జీకి మూలం దాని లాలాజలంలో, చర్మంలో ఉండే ఒక ప్రోటీన్. స్నానం చేయిస్తే అది తగ్గేమాట నిజమే, కానీ కొద్ది రోజుల్లోనే మళ్ళీ మామూలుకొస్తుంది. దమ్మున్న పిల్లవాడికి పిల్లిని పడకగదిలోకి రానివ్వకపోవడం, డాక్టర్ ఇచ్చిన ఇన్‌హేలర్ మానకపోవడం ఎక్కువ మేలు. గర్భిణులు భయపడే టాక్సోప్లాస్మా అనే క్రిమి పిల్లి మలంలోంచి వస్తుంది. మలం బయటపడ్డాక ఆ క్రిమి అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. కాబట్టి ఇంట్లో వేరేవాళ్ళు రోజూ మట్టి ట్రే శుభ్రం చేస్తే చాలు. సరిగా ఉడకని మాంసం, కడగని కూరగాయల నుంచీ అది వస్తుంది, అక్కడా జాగ్రత్త పడాలి. స్నానంతో దానికి సంబంధం లేదు.

మెడ తోలు పట్టి లేపడం తల్లి పిల్లి కూనలకు చేసే పని. ఎదిగిన పిల్లికి అది నొప్పి, భయం. 2022లో వచ్చిన అంతర్జాతీయ పిల్లి వైద్యుల మార్గదర్శకాలు డాక్టర్లను కూడా అలా పట్టవద్దనే చెప్పాయి. ఎండలో కట్టేయడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు: మే నెల ఓరుగల్లు ఎండలో వడదెబ్బ, మెడకు తాడుంటే ఉరి.

మరి నిజంగా కడగాల్సి వస్తే ఎలా? ముందు కడగాల్సినంత మేరే కడగండి. వెనక భాగం పాడైతే తడిగుడ్డతో తుడిస్తే సరిపోవచ్చు. ఇంజిన్ ఆయిల్ ఉన్నచోట గిన్నెలు తోమే లిక్విడ్ కొద్దిగా రాసి కడిగేయవచ్చు, తారు అంటుకుంటే ముందు వంటనూనెతో మెత్తబరచాలి. కిరోసిన్ ఎప్పుడూ వద్దు. ఎనిమిది వారాల లోపు కూనలను తడపకూడదు, అవి ఒంటి వేడిని నిలుపుకోలేవు.

ఒళ్ళంతా తడపక తప్పకపోతే, స్నానానికి ముందే వెంట్రుకలు దువ్వి చిక్కులు తీయండి, తడిస్తే చిక్కు మరింత బిగుసుకుంటుంది. అలవాటుంటే ముందురోజు గోళ్ళ కొసలు కత్తిరించండి, లోపలి గులాబీ రంగు భాగం తగలకుండా. పిల్లికి కాళ్ళు జారడమంటే పెద్ద భయం, అందుకే టబ్బు అడుగున పాత తువ్వాల పరవాలి. నీళ్ళు నాలుగు వేళ్ళ లోతు చాలు. పిల్లి ఒంటి వేడి 38, 39 డిగ్రీలు, కాబట్టి మణికట్టు లోపలివైపు పోసుకుంటే గోరువెచ్చగా అనిపించే నీళ్ళు సరిపోతాయి. హీటర్ రాడ్‌తో కాచినవాళ్ళు ప్లగ్గు తీసి, రాడ్డు బయటపెట్టి, నీళ్ళు కలియబెట్టాకే పిల్లిని తేవాలి. అన్నీ అందుబాటులో పెట్టుకుని, తలుపు వేసి, నీళ్ళు ముందే నింపి ఉంచండి, పడే నీళ్ళ చప్పుడుకే సగం భయం.

ఇద్దరుంటే మేలు. ఒకరు ఛాతీ కింద చేయి వేసి మెల్లగా పట్టుకుంటారు, ఇంకొకరు చిన్న చెంబుతో మెడ నుంచి కిందికి పోస్తారు. ముఖం మీద, చెవుల్లో నీళ్ళు పడనీయొద్దు, ముఖాన్ని తడిగుడ్డతో తుడిస్తే చాలు. పిల్లుల షాంపూయే వాడి, నురుగు ఏమాత్రం మిగలకుండా కడగాలి. డ్రయ్యర్ హోరుకు చాలా పిల్లులు బెదిరిపోతాయి, వెచ్చటి గదిలో రెండు మూడు తువ్వాళ్ళతో అద్దండి. చలికాలంలో మధ్యాహ్నం పూటే పెట్టుకోండి. తర్వాత ఇష్టమైన తిండి పెట్టండి.

పిల్లి నోరు తెరిచి రొప్పుతున్నా, చెవులు వెనక్కి అణచి బుసకొడుతున్నా సగంలోనే ఆపేయండి. ఆపినా రొప్పు తగ్గకపోతే డాక్టర్‌కు చూపించాలి. అసలే బెదురు పిల్లి అయి, స్నానం తప్పనిసరి అయితే సరైన మత్తు డాక్టరే ఇస్తారు. మామునూరులో, కోరుట్లలో పశువైద్య కళాశాలలు ఉన్నాయి, జిల్లా కేంద్రాల్లో ప్రభుత్వ పశువుల ఆసుపత్రులూ ఉన్నాయి.

స్నానంలో మిమ్మల్ని కరిచినా, గోళ్ళతో గీరినా పసుపు అద్ది ఊరుకోకండి. పారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు వరంగల్ ఎంజీఎం లాంటి ప్రభుత్వాసుపత్రిలో చూపించుకుని, రేబిస్ టీకా అవసరమో కాదో అడగండి. పిల్లి పన్ను సన్నగా లోతుకు దిగుతుంది, పైకి చిన్న చుక్కలా కనబడిన గాయం రాత్రికల్లా వాచి చీము పట్టవచ్చు.