పల్లవికి పునర్జన్మ, చరణానికి మోక్షం

పాత పాటలు చచ్చిపోతున్నాయని వాపోయే పెద్దలకు ఒక శుభవార్త. పాటకు చావు లేదు. హైదరాబాదు టీవీ పరిశ్రమ ఈ సత్యాన్ని వారానికి ఆరు రోజులు, రోజుకు అరగంట చొప్పున నిరూపిస్తూనే ఉంది. అయితే మళ్లీ పుట్టేది పాటలో ఏ భాగమన్న ప్రశ్నను మన వేదాంతులు పట్టించుకోలేదు కనుక ఆ భారం నేనే ఎత్తుకున్నాను. తేలిన సిద్ధాంతం ఇది: పల్లవి పదేపదే జన్మిస్తుంది, చరణం నేరుగా మోక్షానికి పోతుంది.

1975 నాటి ‘పూజ’ చిత్రానికి దాశరథి రాసిన ‘ఎన్నెన్నో జన్మల బంధం’ పేరుకు తగ్గట్టే 2021లో డైలీ సీరియల్‌గా అవతరించింది. మొదటి మూడు మాటలూ శీర్షికగా స్థిరపడ్డాయి. చోటు చాలక చరణాలు బయటే ఆగిపోయాయి. సీరియళ్ల లోపలి వ్యవహారం ఇంకా శాస్త్రీయం. తోరణం కడుతున్న కథానాయిక స్టూలు మీది నుంచి జారుతుంది, కథానాయకుడు పట్టుకుంటాడు, కెమెరా వారి చుట్టూ ప్రదక్షిణలు చేస్తుంది, వెనక ఏదో పాత పల్లవి మొదలవుతుంది. ఒక్క పాదం పూర్తయ్యేసరికి వంటగది గుమ్మంలో అత్తగారు ప్రత్యక్షం, పిడుగు పడ్డ చప్పుడు, ఆమె ముఖం మీదికి మూడుసార్లు జూమ్, ఆపై బట్టల సబ్బు ప్రకటన. చరణం వినిపించాలంటే అత్తగారు నిమిషం ఆలస్యంగా రావాలి. అంతటి దుస్సాహసానికి ఏ రచయితా ఒడిగట్టడు.

సినిమావాళ్లు కొంత నయం. 1982లో ‘దేవత’లో పుట్టిన ‘ఎల్లువొచ్చి గోదారమ్మ’ను 2019లో ‘గద్దలకొండ గణేష్’ కోసం మళ్లీ పుట్టించినప్పుడు, పాటతో పాటు బిందెలను కూడా వెనక్కి తెచ్చారు.

విదేశాల్లో పల్లవికీ భరోసా లేదు. మన ‘మరోచరిత్ర’ (1978) హిందీలో ‘ఏక్ దూజే కే లియే’ (1981) అయింది. అందులో లతా మంగేష్కర్, మన బాలు పాడిన ‘తేరే మేరే బీచ్ మే’ నుంచి వయొలిన్ల ముక్కను కోసుకెళ్లి బ్రిట్నీ స్పియర్స్ ‘టాక్సిక్’లో అతికించారు. 2005లో ఆ పాటకు గ్రామీ వచ్చింది. గొంతులు ఇక్కడే ఉండిపోగా వయొలిన్లకు వీసా దొరికిందన్నమాట. చిలుకూరు బాలాజీ చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేసే ఊరివాళ్లం కనుక ఆ అదృష్టం విలువ మనకు తెలుసు. లత గొంతే దాటివెళ్లిన సందర్భమూ ఉంది. ఆమె పాడిన ‘థోడా రేషమ్ లగ్తా హై’ని 2002లో ట్రూత్ హర్ట్స్ అనే గాయని పాటలో అనుమతి లేకుండా తిప్పితిప్పి వాడుకుంటే, స్వరకర్త బప్పీ లహరి పేరు వేసేదాకా ఆ ఆల్బమ్ అమ్మవద్దని అమెరికా కోర్టు చెప్పవలసి వచ్చింది. పూర్వజన్మ తండ్రి పేరు రాయించడానికి కోర్టు మెట్లెక్కడం, నాకు తెలిసి, పురాణాల్లో కూడా లేదు. అటు 1985 నాటి కేట్ బుష్ పాట ఒకటి 2022లో ‘స్ట్రేంజర్ థింగ్స్’ అనే అమెరికా వెబ్ సిరీస్ పుణ్యమా అని బ్రిటన్‌లో మొదటి స్థానానికి ఎక్కింది. ఆ కథలో అత్తగారు లేకపోవడమే కారణమని నా దృఢాభిప్రాయం.

ఇక మన బరాత్. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ పెళ్లి ఊరేగింపును మతపరమైన కార్యాల్లో చేర్చి, అక్కడ పాట వినిపించడం ఉల్లంఘన కాదని తేల్చింది. కాబట్టి నాగోలు ఫంక్షన్ హాలు ముందు డీసీఎం వ్యాను మీద నిలబడి, ఘంటసాల పల్లవికి తీన్‌మార్ దరువు తగిలించే డీజే కుర్రవాడు చట్టరీత్యా పురోహితుడి సరసన కూర్చోదగినవాడు. దరువు తగిలించడం సంగతి చట్టం విడిగా చెప్పలేదు. ఆ హోరులో దానికి వినబడి ఉండదు. అలాంటి ఒక బరాత్‌లో పెళ్లికొడుకు మేనమామ ముచ్చటపడి, వ్యాను దగ్గరికి వెళ్లి, రెండో చరణం కూడా వెయ్యమని అడిగాడు. కుర్రవాడు హెడ్‌ఫోన్ తీసి, ఎంతో మర్యాదగా, “అంకుల్, గీ పాటకు చరణం గూడ ఉంటదా?” అన్నాడు.