రాజపుత్ర సంస్థానాలు బ్రిటిష్ పాలన కింద లేవా? ఝాలావాడ్ చరిత్ర చూడండి

రాజపుత్ర సంస్థానాల గురించి ఒక పోస్టు తెలుగు గ్రూపుల్లో మళ్లీ మళ్లీ తిరుగుతోంది. అందులో చెప్పేది ఇదీ: రాజపుత్రుల రాజ్యాలు ఏనాడూ బ్రిటిష్ పాలన కింద లేవు. ఎంత చిన్న సంస్థానమైనా తరతరాల సొంత గద్దె, సొంత నాణెం ఉండేవి. ఆ గద్దెను ఎవరూ ముట్టుకోలేదు. తెల్లవాళ్లతో ఉన్నది సమానుల మధ్య స్నేహం. రాజుల నీడలో జనానికి కరువంటే తెలియదు. 1947 తర్వాత ఢిల్లీ వచ్చి అన్నీ లాగేసుకుంది.

జైపూర్, ఉదయ్‌పూర్ లాంటి పెద్ద పేర్ల మీద వాదన ఎప్పుడూ ఉండేదే. చిన్నదాన్ని ఒకదాన్ని తీసుకుంటే సంగతి త్వరగా తేటపడుతుంది. రాజస్థాన్ ఆగ్నేయ మూలలో, మాళవ సరిహద్దులో ఉన్న ఝాలావాడ్ సంగతి చూద్దాం.

‘తరతరాల సొంత గద్దె’ అన్నారు కదా. ఝాలావాడ్ గద్దె వయసు 1838 నుంచి లెక్క. అంతకుముందు అదంతా కోటా రాజ్యం. 1771 నుంచి కోటాను నిజంగా నడిపింది మహారావు (కోటా రాజు బిరుదు అది) కాదు, జాలిం సింగ్ అనే ఝాలా రాజపుత్ర దివాను. మరాఠాలు, దోపిడీ దండులైన పిండారీలు చుట్టూ తిరుగుతున్న కాలంలో ఆ రాజ్యాన్ని నిలబెట్టిన గట్టి మనిషి. 1817 డిసెంబరులో ఈస్టిండియా కంపెనీ కోటాతో ఒప్పందం చేసుకుంది. రెండు నెలలకే దానికి ఇంకో షరతు చేరింది: గద్దె మహారావు వంశానిది, అధికారం మాత్రం శాశ్వతంగా జాలిం సింగ్ వంశానిది.

కొత్తగా గద్దెనెక్కిన మహారావు కిశోర్ సింగ్ దీన్ని ఒప్పుకోలేదు. నా రాజ్యంలో నేనే రాజును అన్నాడు. అందులో తప్పేముంది? 1821 అక్టోబరు 1న మాంగ్రోల్ దగ్గర యుద్ధం జరిగింది. ఒకవైపు మహారావు, ఆయన్ని నమ్ముకుని వచ్చిన ఆయన వంశపు హాడా రాజపుత్రులు. రెండోవైపు చూపు పోయిన ముసలి దివాను జాలిం సింగ్ సేన, దానికి తోడుగా కంపెనీ పటాలాలు. అప్పటి పొలిటికల్ ఏజెంట్, అంటే అక్కడి కంపెనీ ప్రతినిధి, జేమ్స్ టాడ్. మహారావు తమ్ముడు పృథ్వీ సింగ్ ఆ యుద్ధంలో చనిపోయాడు. మహారావు నాథ్‌ద్వారాకు తరలిపోయి, చివరికి కంపెనీ పెట్టిన షరతులకు ఒప్పుకుని తిరిగొచ్చాడు. ఒక రాజు తన సొంత రాజ్యంలో అధికారం అడిగినందుకు కంపెనీ తుపాకులు ఎదురైతే, దాన్ని సమానుల స్నేహం అని ఎలా అంటాం?

గద్దె ఒకరిది, అధికారం ఒకరిది అన్న ఏర్పాటు ఎన్నాళ్లో నడవలేదు. 1838లో బ్రిటిష్ వాళ్లు, కోటా మహారావు సమ్మతితోనే, కోటా నుంచి 17 పరగణాలు తెంచి జాలిం సింగ్ మనవడు మదన్ సింగ్‌కు ఇచ్చారు. అదే ఝాలావాడ్. ఆ పరగణాల ఆదాయం ఏటా దాదాపు 12 లక్షల రూపాయలు. అందులో 80 వేలు బ్రిటిష్ ఖజానాకు కప్పం. కోటా కట్టే కప్పంలో అంత భాగాన్ని తగ్గించి కొత్త రాజ్యం నెత్తిన పెట్టారు. అసలు కోటా అంతకుముందు మరాఠాలకు కట్టిన కప్పమే 1817 ఒప్పందం తర్వాత కంపెనీకి మళ్లింది. ఇతర రాజ్యాలతో సొంతంగా ఒప్పందాలు చేసుకునే హక్కు కూడా ఆ ఒప్పందంతోనే పోయింది.

సొంత నాణెం మాటకొస్తే, ఉన్న మాట నిజమే. మదన్ షాహీ రూపాయి ఝాలావాడ్ టంకశాలలోనే తయారైంది. కానీ 1857 తర్వాత వేసిన మదన్ షాహీ మీద పారసీ లిపిలో ఉన్నది ఝాలావాడ్ రాజు పేరు కాదు, విక్టోరియా రాణి పేరు. 20వ శతాబ్దం మొదట్లో ఆ నాణెం కూడా పోయి బ్రిటిష్ రూపాయే చెలామణిలోకి వచ్చింది.

1857 గురించి ఆ పోస్టులో ఒక్క మాట లేదు. తిరుగుబాటు రోజుల్లో ఝాలావాడ్ రాజు పృథ్వీ సింగ్ (మాంగ్రోల్‌లో చనిపోయిన పృథ్వీ సింగ్ వేరు) తెల్లవాళ్లకు ఆశ్రయమిచ్చి క్షేమంగా దాటించాడు. 1858లో తిరుగుబాటు నాయకుడు తాత్యా టోపే ఝాలావాడ్ రాజ్యంలోని ఝాల్రాపాటన్ పట్టణం చేరినప్పుడు రాజు సైనికులు ఆయనతో కలిసిపోయారు. తాత్యా ఫిరంగులు, డబ్బు తీసుకున్నాడు. రాజు రాత్రికి రాత్రి బయటపడి ఇండోర్ దగ్గర బ్రిటిష్ వాళ్లున్న మౌ ఊరి దారి పట్టాడు. రాజపుత్రులు వీరులు కారని నేను అనడం లేదు. గద్దె ఎవరి దయ మీద ఉందో రాజుకు తెలుసు, ఆయన సైనికుల మనసు ఇంకోచోట ఉంది.

‘గద్దెను ఎవరూ ముట్టుకోలేదు’ అన్న మాట అన్నిటికన్నా పెద్ద అబద్ధం. పృథ్వీ సింగ్ దత్తపుత్రుడు రెండో జాలిం సింగ్ అజ్మీర్ మేయో కాలేజీలో చదువుకున్నాడు. 1884లో బ్రిటిష్ వాళ్లు అధికారాలు ఇచ్చారు. 1887లో వెనక్కి తీసుకున్నారు. కొన్నేళ్లకు మళ్లీ ఇచ్చారు. 1896లో పాలన చేతకాలేదని ఏకంగా గద్దె దించి, పింఛనిచ్చి కాశీకి పంపారు. ఆయన పాలన బాగుండకపోవచ్చు, దాని మీద నాకు పట్టింపు లేదు. తీర్పు చెప్పింది ఎవరన్నదే ప్రశ్న. ఆ తర్వాత జరిగింది ఇంకా ఘోరం: రాజ్యాన్నే ముక్కలు చేశారు. 1838లో ఇచ్చిన పరగణాల్లో చాలా భాగం తిరిగి కోటాకు ఇచ్చేసి, మిగిలిన 810 చదరపు మైళ్లతో కొత్త ఝాలావాడ్ కట్టారు. 1899 జనవరి 1న అది మొదలైంది. దానికి రాజుగా భవానీ సింగ్‌ను ఎంపిక చేసింది కూడా వాళ్లే. కప్పం 30 వేలకు తగ్గింది. రాజు హోదాకు గుర్తుగా పేల్చే 15 ఫిరంగుల సెల్యూట్ 11కు పడిపోయింది.

ఇది మనకూ కొత్త కాదు. బనగానపల్లె నవాబు లెక్కలు బాగాలేవని 1832 నుంచి 1848 దాకా ఆ జాగీరు పాలనను బ్రిటిష్ వాళ్లే చేతుల్లోకి తీసుకున్నారు.

జనానికి కరువు తెలియదట! 1899-1900 కరువును రాజస్థాన్ పల్లెల్లో ఇప్పటికీ ‘ఛప్పనియా అకాల్’ అంటారు, విక్రమ సంవత్ 1956లో వచ్చింది కాబట్టి (ఛప్పన్ అంటే 56). 1901 జనాభా లెక్కల్లో ఝాలావాడ్‌లో తేలింది 90,175 మంది. అదే నేలలో పదేళ్ల ముందు లక్షన్నర మంది ఉండేవాళ్లు. పోయినవాళ్లెందరో, వలస వెళ్లినవాళ్లెందరో గానీ, పదిమందిలో నలుగురు లేరు. ఇంత జరిగిన చోట కరువు లేదని రాయడానికి చెయ్యెలా వచ్చిందో!

పోస్టులో కాస్త నిజం లేకపోలేదు. బ్రిటిష్ ఇండియా చట్టాలు సంస్థానాల్లో నేరుగా అమలయ్యేవి కావు. శిస్తు, రోజువారీ కోర్టులు రాజువే. మంచి చేసిన రాజులూ ఉన్నారు: భవానీ సింగ్ 1921లో కట్టించిన నాట్యశాల ఝాలావాడ్‌లో ఇప్పటికీ ఉంది. కానీ రాజు ఉండాలా వద్దా, రాజ్యం ఎంత ఉండాలి అన్నది అప్పటి బ్రిటిష్ రాజధాని కలకత్తాలో తేలినప్పుడు, అది పరాయి పాలన కాదనడం కుదరదు.

ఇక ఢిల్లీ లాగేసుకోవడం. రాజు పాలనలో జనానికీ వాటా కావాలంటూ 1946లోనే ఝాలావాడ్‌లో ప్రజామండల్ పుట్టింది. 1948 మార్చి 25న తొమ్మిది సంస్థానాలు కలిసి కోటా రాజధానిగా ఒక సంఘంగా ఏర్పడ్డాయి, అందులో ఝాలావాడ్ ఒకటి. ఏ సైన్యమూ రాలేదు. విలీనానికి రాజు హరిశ్చంద్ర సంతకం చేశాడు. 1896లో కాశీ వెళ్లిన రెండో జాలిం సింగ్ సంతకం ఎవరూ అడగలేదు. విలీనమైన రాజులకు భారత ప్రభుత్వం రాజభరణాలు ఇచ్చింది, 1971లో రాజ్యాంగ సవరణతో రద్దయ్యేదాకా అవి అందాయి.