మెటికలతో మూడు దెబ్బలు

85 లక్షల రూపాయల ఫ్లాటు నాణ్యతను నిర్ధారించడానికి తెలుగు కుటుంబాలలో అనాదిగా అమలులో ఉన్న పద్ధతి ఒక్కటే: అనుభవజ్ఞులైన బావగారిని వెంటబెట్టుకు వెళ్లి గోడ తట్టించడం. మొన్న ఆదివారం మియాపూర్‌లో మా తమ్ముడు కొనదలచిన పదకొండేళ్ల నాటి ఫ్లాటులో ఈ క్రతువు నా కళ్లెదుటే జరిగింది కనుక, దాని విధివిధానాలను భావితరాల కోసం నమోదు చేయడం నా ధర్మంగా భావిస్తున్నాను.

బావగారు ముందుగా హాలు మధ్యలో నిలబడి, చేతులు వెనక్కి కట్టుకొని, పైకప్పు వంక చూసి "ఊఁ" అన్నారు. ఆ తరువాత కుడిచేతి మెటికలతో పడమటి గోడ మీద మూడుసార్లు తట్టి, నాడి చూసే వైద్యుడిలా తల పక్కకు వాల్చి కళ్లు మూసుకున్నారు. గదిలో ఉన్న ఏడుగురమూ ఊపిరి బిగబట్టాం. తన గోడ ఏం చెప్పేస్తుందోనని అమ్మకందారుడు కూడా కాస్త కంగారుపడినట్టే కనిపించాడు. "గట్టి సరుకేనోయ్" అని తీర్పు వెలువడింది. వంటగదిలో కుళాయి తిప్పారు, నీళ్లు వచ్చాయి. బాత్‌రూంలో ఫ్లష్ నొక్కారు, అదీ పనిచేసింది. పరీక్ష సమాప్తం. బావగారు ముప్పై నాలుగేళ్లు సహకార బ్యాంకులో గుమాస్తాగిరీ వెలగబెట్టి రిటైరయ్యారు; గోడలతో ఆయన పరిచయం వాటికి క్యాలెండర్లు తగిలించడం వరకే. అయితే సొంతంగా ఒక ఇల్లు కట్టించారు కనుక ఆయన నిపుణులు. వానొస్తే ఆ ఇంట్లో బకెట్లు పెడతారన్న సంగతి ఇక్కడ అప్రస్తుతం.

ఫ్లాటంతా కొత్త రంగు వాసన గుప్పుమంటోంది. బాత్‌రూంను ఆనుకున్న పడకగది గోడకు కింది నుంచి మూడడుగుల ఎత్తు దాకా ఆ రంగు మరింత చిక్కగా ఉంది, దాని ముందు అడ్డంగా ఒక బీరువా ఉంది. తేమ మీటరు ఆనిస్తే అర నిమిషంలో తేలిపోయే ముచ్చట. ఒక సివిల్ ఇంజనీరుకు చూపిద్దామని నేను నసిగాను. "పది పదిహేను వేలు దండగెందుకు?" అన్నారు బావగారు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ 5.5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, వెరసి 7.5 శాతం చొప్పున ఆరు లక్షల ముప్పై ఏడు వేల అయిదు వందలు కట్టడానికి, ఈశాన్యంలో దోషం లేదని చెప్పిన సిద్ధాంతిగారికి తాంబూలంలో పదకొండు వేలు పెట్టడానికి మాకెవరికీ అభ్యంతరం లేదు. పైగా బ్యాంకువాళ్లు చూసుకుంటారన్న ధీమా ఒకటి. మనం వాయిదాలు ఎగ్గొడితే వేలంలో తమ అప్పు వసూలవుతుందా లేదా అన్నదే బ్యాంకు పంపే వాల్యుయేటరు చూస్తాడు; మీ గోడ చెమ్మతో ఆయనకేం పని?

డాలస్‌లోని మా మేనల్లుడు అక్కడ ఇల్లు కొన్నప్పుడు, టెక్సస్ రాష్ట్ర రియల్ ఎస్టేట్ కమిషన్ లైసెన్సున్న ఇన్‌స్పెక్టరు అటకలో పాకి, పైకప్పు ఎక్కి రాసిచ్చిన నివేదికను అక్షరం వదలకుండా చదివాకే సంతకం పెట్టాడు. అదే మహానుభావుడు కోకాపేటలో ఫ్లాటును వాట్సాప్ వీడియోలో చూసి కొన్నాడు. ఆ వీడియోలో గోడ తట్టిన చెయ్యి బావగారిదే.

మన దగ్గర ఈ పనికి అలాంటి లైసెన్సు లేదు కనుక మనిషిని ఎంచుకోవడంలోనే ఉంది కిటుకంతా. బిల్డరో బ్రోకరో పంపినవాడి నివేదికకు వియ్యాలవారు స్వయంగా రాసిచ్చిన గుణగణాల పత్రానికి ఉన్నంత విలువ ఉంటుంది. లోపం చూపించి, ఆ వెంటనే దాని వాటర్‌ప్రూఫింగు కాంట్రాక్టు తనకే ఇమ్మనేవాడూ వద్దు. ఇదివరకు ఇచ్చిన నివేదిక ఒకటి చూపించమని అడగాలి. కర్రతో టైల్సు తట్టి డొల్ల ఎక్కడుందో గుర్తు పెట్టేవాడిని, బాత్‌రూంలో నీళ్లు నిలగట్టి మర్నాడు కింది ఫ్లాటు వాళ్ల సీలింగు చూసొచ్చేవాడిని పిలవాలి.

అలాంటి ఒకాయనను మంగళవారం బావగారికి తెలియకుండా తీసుకువెళ్లాం. బీరువా జరిపితే గోడ చెమ్మగిల్లి ఉంది. అది మాకు ముందే తెలుసు. తెలియనిది గీజరు పాయింటు. సాకెట్‌లో పై రంధ్రం ఉంది, దాని వెనుక, లీకైన కరెంటును నేలలోకి పంపే ఎర్త్ తీగె లేదు. ఆ స్నానాల గదిలో పదకొండేళ్లుగా పిల్లలు తడి కాళ్లతో నిలబడి స్నానం చేస్తున్నారు. ఒక్క తీగె ముక్క మిగుల్చుకోవడానికి ఇంత పని చేసి, పైన ప్లాస్టరింగు పూసి వెళ్లిపోయిన బిల్డరును ఏమనాలి? అమ్మకాల బ్రోషరు మీద ఈత కొలను బొమ్మ వేయడానికి డబ్బులున్నాయి వాడికి! పదకొండేళ్ల ఈ ఫ్లాటుకు ఆ వీలు లేకపోయినా, 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 14వ సెక్షను ప్రకారం, ఫ్లాటు అప్పగించిన అయిదేళ్లలోపు ఇలాంటి లోపం చూపిస్తే ప్రమోటరు, అంటే బిల్డరు, 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. చూపించాలంటే ముందు ఎవడో ఒకడు స్క్రూడ్రైవరు పట్టుకొని ఆ సాకెట్ విప్పి చూడాలి కదా! మెటికలతో తడితే తీగె పలుకుతుందా?

అమ్మకందారుడు పాపం నిజంగానే తెల్లబోయాడు. తానే ముందుగా ఒక ఇంజనీరును పిలిపించి ఉంటే కొద్ది వేలతో పోయేదానికి, ఇప్పుడు ధరలో రెండు లక్షలు తగ్గించాడు.

సంగతి బావగారి చెవిన పడింది. ఆయన ఏమాత్రం చలించలేదు. "నేను తట్టింది హాలు గోడ. పడకగది గోడ తట్టమని నన్నెవరైనా అడిగారా?" అన్నారు. ఈ ఆదివారం ఆయన కొంపల్లి వెళుతున్నారు.