ఖాళీ జేబుకు టార్గెట్ పెట్టొద్దు

ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న మనిషికి ఎట్టకేలకు ఉద్యోగం దొరికిందంటే, అది చాలాసార్లు సేల్స్‌లోనే దొరుకుతుంది. ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. తెలిసినవాళ్లు శుభాకాంక్షలు చెబుతారు. సేల్స్‌ను చిన్నచూపు చూడటం తప్పని ఇప్పటికే చాలామంది రాశారు, మళ్లీ నేను చెప్పక్కర్లేదు. నా అభ్యంతరమల్లా ఆఫర్ లెటర్‌లో జీతం రాసే తీరు మీద. అంతకాలం ఆదాయం లేకుండా గడిపిన మనిషికి మొదటి రోజు నుంచే కమీషన్ మీద బతకమని చెప్పడం అన్యాయం. అది కంపెనీకి కూడా నష్టమేనని నా గట్టి నమ్మకం.

మిగతా తలుపులు ఎందుకు మూసుకుపోతాయో అందరికీ తెలిసిందే. క్రాఫ్ట్, లాంగే, నోటోవిడిగ్డో అనే ముగ్గురు ఆర్థికవేత్తలు అమెరికాలో 100 నగరాల్లో సుమారు 3,000 ఉద్యోగ ప్రకటనలకు 12,000 దాకా కల్పిత రెజ్యూమెలు పంపి చూశారు. ఫలితాలు 2013లో అచ్చయ్యాయి. ఖాళీ నెలలు పెరిగేకొద్దీ ఇంటర్వ్యూ పిలుపులు తగ్గాయి. ఆ తగ్గుదలలో ఎక్కువ భాగం మొదటి ఎనిమిది నెలల్లోనే కనిపించింది. రెజ్యూమెలో ఖాళీ కనిపిస్తే చాలు, మనిషిలోనే ఏదో లోపం ఉందని అనుకుంటారన్నమాట. ఆ ప్రయోగంలో సేల్స్ ఉద్యోగాలు కూడా ఉన్నాయి. అంటే సేల్స్‌లోనూ తలుపులన్నీ తెరిచి లేవు. తెరిచి ఉన్నవి ఎక్కువగా ఫిక్స్‌డ్ జీతం తక్కువగానో, అసలు లేకుండానో ఉండే చోట్లే. అక్కడ మనిషిని తీసుకోవడానికి కంపెనీకి పెద్దగా ఖర్చుండదు. అమ్మితే లాభం, అమ్మకపోతే మూడు నెలల్లో అతనే వెళ్లిపోతాడు. నష్టమంతా అతని నెత్తినే.

శిక్షణ మొదట్లోనే చాలాచోట్ల ఒక తెల్లకాగితం చేతికిస్తారు. తెలిసినవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు వంద రాయమంటారు. బీమా అమ్మకాల్లో ఇది దాదాపు తొలిపాఠం. ఒక ఉద్యోగంలోంచి మరో ఉద్యోగంలోకి వచ్చినవాడికి ఇది తేలికే. పాత సహోద్యోగులుంటారు, పాత కస్టమర్లుంటారు. ఏళ్లపాటు ఖాళీగా ఉన్నవాడికి మాత్రం పెన్ను కదలదు. ఆ వందమందిలో కొందరికి అతను బాకీ ఉన్నాడు. కొందరు ‘ఇప్పుడేం చేస్తున్నావ్’ అని అడుగుతారని వాళ్ల ఇళ్లకు వెళ్లడమే మానేశాడు. కొందరి ఫోన్లు ఎత్తలేదు. ఇప్పుడు ఆ మనుషులకే ఫోన్ చేసి పాలసీ తీసుకోమని అడగాలి. మొహమాటానికి ఒకరిద్దరు తీసుకుంటారు, కొన్ని నెలలకు ప్రీమియం కట్టడం ఆపేస్తారు. అప్పటికే ఇచ్చిన కమీషన్‌ను చాలా కంపెనీలు వెనక్కి కోసుకుంటాయి. ఉద్యోగం రాకముందు తెగని ఆ కాస్త బంధుత్వాలు ఉద్యోగం వచ్చాక తెగుతాయి. ఇంతకన్నా క్రూరమైన ఆరంభం నాకు తెలిసి మరో వృత్తిలో లేదు.

పోనీ, కంపెనీలకు అమ్మే సరుకు అనుకుందాం. ఎంక్వైరీ వచ్చాక డెమో ఇవ్వాలి, కొటేషన్ పంపాలి, బేరం తేలాలి, అవతలి పెద్దల ఆమోదం రావాలి, బిల్లు వెళ్లాలి, డబ్బు చేతికందాలి. చాలాచోట్ల కమీషన్ లెక్క ఆ డబ్బు అందాకే మొదలవుతుంది. ఎంత చురుకైనవాడికైనా మొదటి కమీషన్ కళ్లజూడటానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో ప్రయాణ ఖర్చులు, ఫోన్ బిల్లు, ఇంటి అద్దె ఆగవు. దాచుకున్న డబ్బున్నవాడు ఈ కాలాన్ని ఈదగలడు. దాచుకున్నదంతా ఖాళీ కాలంలోనే కరిగిపోయినవాడు ఎలా ఈదుతాడు?

‘ఆకలి ఉంటేనే పరుగెడతాడు, జీతం గ్యారంటీ ఇస్తే కుర్చీ కదలడు’ అనేది సేల్స్ మేనేజర్ల వాదన. ఆరితేరిన సేల్స్‌మన్ విషయంలో అందులో కొంత నిజముంది. కమీషన్ ఎక్కువున్న చోటికే అతను వెళ్తాడు, వెళ్లాలి కూడా. దీర్ఘకాలం ఉద్యోగం లేనివాడి సంగతి వేరు. 1930ల మొదట్లో ఆస్ట్రియాలోని మారియన్‌థాల్‌లో బట్టల మిల్లు మూతపడి ఊరు ఊరంతా నిరుద్యోగంలో పడ్డప్పుడు యహోదా, లాజార్స్‌ఫెల్డ్, జైసెల్ అనే సామాజిక పరిశోధకులు అక్కడి జీవితాన్ని దగ్గరగా పరిశీలించారు. చేతినిండా సమయం ఉంది, గ్రంథాలయం రుసుము ఎత్తేశారు, అయినా జనం తీసుకెళ్లే పుస్తకాలు దాదాపు సగానికి పడిపోయాయి. మగవాళ్ల నడక కూడా నెమ్మదించింది. లేమి మనిషిని ఉరకలెత్తించలేదు, కుంగదీసింది. అలాంటి మనిషికి ముందు కావలసింది ఊపిరి తిప్పుకునే వ్యవధి.

ఆ వ్యవధి ఇవ్వకపోతే ఏమవుతుందో కస్టమర్లకు బాగా తెలుసు. నెలాఖరు టెన్షన్‌లో ఉన్నవాడు షరతులు పూర్తిగా చెప్పడు. అవసరం లేనివాడికీ అంటగడతాడు. ‘ఈ రోజే ఆఖరు’ అంటాడు. మోసపోయిన కస్టమర్ ఆ కుర్రాణ్ని తిడతాడు, జీతం అలా రాసినవాణ్ని తిట్టడు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ఉదంతం చూడండి. ఒక్కో కస్టమర్‌కు ఎనిమిది సేవలు అంటగట్టాలన్న లక్ష్యంతో సిబ్బందిని తరిమారు. ఖాతాదారులకు తెలియకుండా వాళ్ల పేరు మీద లక్షల ఖాతాలు పుట్టాయి. విషయం బయటపడి 2016లో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. కొన్నేళ్ల వ్యవధిలో ఇందుకుగాను ఉద్యోగాలు పోగొట్టుకున్న సిబ్బంది సుమారు 5,300 మంది. కేసులు అక్కడితో ఆగలేదు, 2020లో మరో 300 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది. శాఖల్లో ఆ టార్గెట్లనే బ్యాంకు 2016లోనే ఎత్తేసింది. స్థిర జీతమున్న సిబ్బందే అంత ఒత్తిడికి లొంగితే, జీతమే లేనివాణ్ని నిజాయితీగా అమ్మమని ఏ ముఖంతో అడుగుతాం? మనకు రోజూ వచ్చే విసిగించే ఫోన్‌కాల్స్ వెనక, అరకొర నిజాల వెనక చాలాసార్లు ఉన్నది ఈ జీతం లెక్కే.

అందుకే నేను కోరేది స్పష్టం. సరుకు అమ్ముడవడానికి మామూలుగా ఎన్ని నెలలు పడుతుందో కంపెనీకి తెలుసు. కనీసం అన్ని నెలలు కొత్తవాడికి బతకడానికి సరిపడే ఫిక్స్‌డ్ జీతం ఇవ్వాలి. దాన్ని అడ్వాన్సుగా రాసుకుని తర్వాత కమీషన్‌లో కోయకూడదు. అప్పటిదాకా టార్గెట్ ఆర్డర్ల మీద పెట్టకుండా, చేసిన ఫోన్లు, కలిసిన మనుషులు, నేర్చుకున్న సరుకు మీద పెట్టాలి. కొత్తగా చేరినవాడు వీటి కోసం బేరమాడే స్థితిలో ఉండడు. ఆఫర్ చేజారుతుందన్న భయంతో ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాడు. కాబట్టి అతను అడగకముందే ఈ షరతులు ఆఫర్ లెటర్‌లో రాసి ఉండేలా చూడాల్సిన బాధ్యత హెచ్‌ఆర్ విభాగానిదే.