ఖాళీ కుండీ కాదండీ బాబూ అది!

పొద్దున్నే మొక్కలకి నీళ్ళు పోద్దామని వెళ్తే నా వూడూ లిల్లీ కుండీలో మనీ ప్లాంట్ కొమ్మ ఒకటి దర్జాగా నిలబడి ఉంది. నా దుంప ఏదండీ అని మా ఆయన్ని అడిగితే "ఏ దుంప? రెండు నెలల్నుంచి ఒట్టి మట్టే కదా, ఖాళీగా ఉందని నాటా" అంటారు, పైగా మెచ్చుకోవే అన్నట్టు మొహం. చెత్తబుట్టలో దొరికింది పాపం, గునపం దెబ్బకి సగానికి చీలి.

నిద్రపోతోందండీ అది! ఏడాదికి ఒక్కటంటే ఒక్క ఆకు, గొడుగులా విచ్చుకుంటుంది, దాని సంపాదనతోనే పాత దుంప పోయి ఆ చోట కొత్తది ఊరుతుంది, తర్వాత ఆకు ఎండిపోయి దుంప మట్టిలో పడుకుంటుంది. అప్పుడు నీళ్ళు పోస్తే కుళ్ళిపోతుంది కాబట్టే పోయట్లేదు, బద్ధకించి కాదు. ఆదివారం మధ్యాహ్నం తమరు ముసుగుతన్ని పడుకుంటే ఖాళీ మంచమే కదా అని ఎవరైనా మడతపెట్టేశారా?

పోనీ పూసినప్పుడైనా మర్యాద ఉందా? పోయినసారి ఆకు కంటే ముందే పువ్వొచ్చింది, ముదురు మెరూన్ రంగు, నేను మురిసిపోతుంటే ఇంట్లోవాళ్ళు చచ్చిన ఎలుక కోసం బీరువాలు జరిపారు. కంపు కొడుతుంది మరి, కుళ్ళిన మాంసమనుకుని ఈగలు వాలితేనే దాని పుప్పొడి పని జరిగేది. దీని పెద్దక్క, టైటాన్ ఆరమ్ అనే భారీ కంపు పువ్వు, 1889లో లండన్‌లోని మొక్కల తోట క్యూ గార్డెన్స్‌లో పూసింది, ఇప్పటికీ అది ఎక్కడ పూసినా ఆ కంపు కోసం జనం లైన్లు కడతారు. మా ఇంట్లో మాత్రం ఫినాయిల్.

అయినా మా ఆయనే నయం. ఆయనకి తెలీదు. అన్నీ తెలిసిన ఒక ఫ్రెండుంది, "నీ అగ్నిశిఖ దుంప ఒకటి ఇవ్వవే" అని ప్రాణం తీస్తే ఇచ్చా. మొలక కొనలోంచే వస్తుంది, అది విరిగితే ఇంక రాదు, అడ్డంగా పడుకోబెట్టు, ఒళ్ళంతా విషమే పిల్లలకి అందనివ్వకు అని చిలక్కి చెప్పినట్టు చెప్పా. ఈవిడగారు బ్యాగులో పట్టలేదని నా కళ్ళముందే టక్కున విరిచి, మూడు నెలలయ్యాక నలుగురిలో "నువ్విచ్చింది పుచ్చు దుంప, మొలవనే లేదు" అంది!! ఆ మాట ఇప్పటికీ మండుతోంది. మా ఇంట్లో ఆ తీగ మటుకు ఆకుల కొనల్తోనే గ్రిల్ పట్టుకుని పైదాకా పాకి మంటలు లేచినట్టు పూసింది, ఫోటో పెడితే ఆవిడ లైక్ కూడా కొట్టలేదు.

చీలిన వూడూ లిల్లీ దుంపకి బూడిద రాసి నీడలో ఆరబెట్టా. మొలకొచ్చే కన్ను ఒక ముక్కకే ఉంది. మనీ ప్లాంట్ ఆయన షేవింగ్ మగ్గులో ఉంది.